తొమ్మిది ఆల్బమ్‌లు, ఒక జత హెడ్‌ఫోన్లు

2007 అక్టోబర్ 10న రేడియోహెడ్ బ్యాండు తన ఏడో ఆల్బమ్ ‘ఇన్ రెయిన్‌బోస్’ను సొంత వెబ్‌సైట్‌లో పెట్టి, ధర మీరే వేసుకోండి అంది. సున్నా వేసినా పాటలు వచ్చేవి. ఈఎంఐ కంపెనీతో ఒప్పందం తీరిపోయాక, మధ్యలో ఎవరూ లేకుండా ఆల్బమ్ నేరుగా శ్రోత చేతిలో పెట్టిన ఆ తెగువ గురించి పత్రికలు చాలాకాలం రాశాయి. అభిమానుల్లో కొందరు మాత్రం ధర సంగతి వదిలేసి ఇంకోటి పట్టుకున్నారు. వచ్చిన ఫైళ్లు 160 కేబీపీఎస్ (సెకనుకు 160 కిలోబిట్ల) ఎంపీ3లు. సీడీలో ఉండే సమాచారంలో అది తొమ్మిదో వంతు. ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన సంగీతాన్ని ఇంతగా నలిపి ఇవ్వడమేమిటని వాళ్ల గొడవ.

ఆ గొడవలో న్యాయం ఉంది. అయితే అదే 160 కేబీపీఎస్ ఫైలు విని ఆ ఆల్బమ్‌తో ప్రేమలో పడ్డవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లేమీ మోసపోలేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తేల్చుకోవడానికి ఈ అధ్యాయంలో మీకో పని అప్పగిస్తున్నాను. ఈ ఒక్క బ్యాండు స్టూడియో ఆల్బమ్‌లు తొమ్మిదింటినీ, విడుదలైన వరుసలో, వారానికొకటి చొప్పున, దేన్నీ పారేయని లాస్‌లెస్ ఫైళ్లతో, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినండి. అన్నీ కలిపినా ఏడు గంటల పైచిలుకే. ఒక్కోటి మూడుసార్లు విన్నా రెండు నెలల్లో ఇరవై రెండు గంటలకు మించదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సంగీతంలో మన చెవిదాకా రాకుండా పోయేదాంట్లో ఫైలు వాటా చిన్నది. మాస్టరింగ్ వాటా, హెడ్‌ఫోన్ల వాటా, గది వాటా అంతకంటే పెద్దవి. అన్నిటికంటే పెద్ద వాటా, పాట మోగుతుండగా బొటనవేలితో ఫోన్ తోస్తూ కూర్చునే అలవాటుది. అయినా లాస్‌లెస్‌తోనే మొదలుపెట్టమంటున్నానంటే దానికి కారణం ఉంది. ఏదైనా వినిపించకపోతే ఫైలు మీద నెపం వేసే వీలు అప్పుడు ఉండదు.

రేడియోహెడ్డే ఎందుకు? ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్‌డన్ అనే ఊళ్లో ఒకే బడిలో చదివిన ఐదుగురు 1985లో కట్టిన బ్యాండు ఇది. థామ్ యార్క్, జానీ గ్రీన్‌వుడ్, జానీ అన్న కోలిన్, ఎడ్ ఓబ్రయెన్, ఫిల్ సెల్వే. తొమ్మిది ఆల్బమ్‌లలోనూ ఆ ఐదుగురే. మూడో ఆల్బమ్ నుంచి చివరిదాకా ప్రొడ్యూసర్ కూడా ఒక్కడే, నైజెల్ గాడ్‌రిచ్. మనుషులు మారకుండా శబ్దం మాత్రం ప్రతిసారీ మారిపోతుంటుంది కాబట్టి, మీ చెవికి అందే ప్రతి తేడా వెనకా ఎవరో కావాలని తీసుకున్న నిర్ణయం ఉంటుంది. చెవికి తర్ఫీదు ఇవ్వడానికి ఇంతకంటే వీలైన సరంజామా దొరకదు. మీకు ఈ బ్యాండు నచ్చదా? ఫరవాలేదు, పద్ధతి మాత్రం తీసుకోండి. ఏడెనిమిది ఆల్బమ్‌లున్న ఏ బ్యాండుకైనా సరిపోతుంది.

ముందు మీ చెవిని పరీక్షించుకోండి

పెద్ద చప్పుడు ఉన్నచోట దాని పక్కనున్న చిన్న చప్పుడు చెవికి అందదు. డ్రమ్ము మీద దెబ్బ పడిన క్షణంలో గిటారు తీగ మీద వేలు జారిన శబ్దం మనకు తెలియదు. ఎంపీ3 నిలబడింది ఈ బలహీనత మీదే. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు చేసిన పని చెవికి అందనిదేమిటో లెక్కగట్టి దాన్ని పారేయడం. పారేసింది మళ్లీ రాదు. ఆ ఎంపీ3ని తర్వాత ఫ్లాక్ అనే లాస్‌లెస్ ఫార్మాట్‌లోకి మార్చినా ఫైలు బరువు పెరుగుతుందే తప్ప పోయినదేదీ తిరిగిరాదు.

ఫ్లాక్ దేన్నీ పారేయదు. సమాచారాన్ని పొందిగ్గా సర్దుతుంది, వినేటప్పుడు ఒక్క బిట్టు కూడా తేడా లేకుండా విప్పుతుంది. జోష్ కోల్సన్ దీన్ని 2001లో విడుదల చేశాడు. ఆపిల్ వాళ్ల ఏఎల్ఏసీ చేసేదీ ఇదే పని. సీడీ సెకనుకు 44,100 సార్లు, ఒక్కోసారి 16 బిట్ల కచ్చితత్వంతో శబ్దాన్ని కొలుస్తుంది. రెండు చానళ్లకు కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు. 53 నిమిషాల రేడియోహెడ్ ఆల్బమ్ ‘ఓకే కంప్యూటర్’ ఆ లెక్కన దాదాపు 560 ఎంబీ. ఫ్లాక్‌లో అది 350 ఎంబీకి అటూ ఇటూగా వస్తుంది, 320 కేబీపీఎస్ ఎంపీ3లో 130 ఎంబీ లోపే.

24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని గొప్పగా రాసి ఉండే హై-రెస్ ఫైళ్ల జోలికి వెళ్లకండి. రికార్డింగ్ చేసేవాళ్లకు అవి అక్కరకొస్తాయి. వినడానికి సీడీ నాణ్యత చాలు. అది 22 వేల హెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. నలభై దాటిన చెవికి 15, 16 వేలు వినిపిస్తే గొప్ప.

ఇప్పుడు పరీక్ష. కంప్యూటర్‌లో ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్, దానికి ఏబీఎక్స్ అనే అదనపు భాగం వేసుకోండి. మీకు ఏళ్ల తరబడి కంఠతా వచ్చిన పాట ఒకటి ఫ్లాక్‌లో తీసుకోండి. తెలుగు పాటైతే మరీ మంచిది. దాన్నుంచే 128, 192, 320 కేబీపీఎస్ ఎంపీ3లు మీరే తయారుచేయండి. ఏది ఏదో చెప్పకుండా ప్లేయర్ వినిపిస్తుంది, మీరు గుర్తుపట్టాలి. పదహారుసార్లలో పన్నెండైనా సరిగ్గా చెబితేనే తేడా నిజంగా వినిపించినట్టు. ఊరికే ఊహించి పన్నెండు కొట్టగలిగే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ. ఎనిమిదో తొమ్మిదో వస్తే బొమ్మాబొరుసూ వేసినట్టే.

128 దగ్గర చాలామంది పట్టేస్తారు. 2000 తర్వాత మన ఊళ్లలో ఫుట్‌పాత్‌ల మీద అమ్మిన ఎంపీ3 సీడీలు విని పెరిగినవాళ్లకు ఆ శబ్దం బాగా తెలుసు. తాళాలు, గజ్జెలు మోగినచోట ఇసుక రాలినట్టు ఒక బుసబుస. 16 వేల హెర్ట్జ్ పైనున్నదంతా కోసేశాక మిగిలేది అదే. ఒక సీడీలో వంద పైచిలుకు పాటలు కుక్కాలంటే మరో దారి లేదు. 192 దగ్గర సగంమంది తడబడతారు. మంచి ఎన్‌కోడర్‌తో చేసిన 320కీ ఫ్లాక్‌కీ తేడా చెప్పగలిగేవాళ్లు అరుదు. వేల రూపాయల కేబుళ్ల గురించి ఉపన్యాసాలిచ్చే ఆడియోఫైల్ మిత్రులను ఈ పరీక్షకు కూర్చోబెట్టి చూడండి. పనులు గుర్తొచ్చి లేచి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

మీరూ 320 దగ్గర ఓడిపోతే ఫ్లాక్ ఎందుకని అడగొచ్చు. దాచుకోవడానికి. రేపు ఏ కొత్త ఫార్మాట్ వచ్చినా ఫ్లాక్ నుంచి దానికి మార్చుకోవచ్చు. ఎంపీ3 నుంచి మార్చితే కోత మీద కోత పడుతుంది. ఇంకో చిన్న కారణం. రేడియోహెడ్ ‘కిడ్ ఏ’ ఆల్బమ్‌లో ‘ఆప్టిమిస్టిక్’ పాట చివర ఆగకుండానే ‘ఇన్ లింబో’లోకి జారిపోతుంది. ఎంపీ3 తన పద్ధతి ప్రకారం ఫైలు మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది. దాన్ని తీసేయడం తెలియని ప్లేయర్లో ఆ అతుకు దగ్గర చిన్న కుదుపు వినిపిస్తుంది. ఫ్లాక్‌లో ఆ బెడద లేదు.

దారిలో ఎక్కడెక్కడ పోతుంది

ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లో లాస్‌లెస్‌ను అదనపు రుసుము లేకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. కానీ సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీలోకి వెళ్లి మీరు ఆన్ చేసుకుంటే తప్ప అది రాదు. చేసుకున్నా, చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉంటే దారిలో మళ్లీ కోతే. మామూలు బ్లూటూత్ ఎస్‌బీసీ, ఏఏసీ లాంటి కోడెక్‌లతో పాటను మళ్లీ కుదించి పంపుతుంది. సోనీ వాళ్ల ఎల్‌డీఏసీ కూడా గరిష్ఠంగా 990 కేబీపీఎస్ దాకానే వెళ్తుంది, సీడీకి సరిపోదు. బస్సులోనో మెట్రోలోనో వినడానికి ఇయర్‌బడ్స్ బాగానే ఉంటాయి, వాటిని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఈ తొమ్మిది ఆల్బమ్‌ల పని మాత్రం తీగ ఉన్నవాటితో చేయండి. ఫోన్‌కు హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే టైప్-సి నుంచి 3.5 ఎంఎంకి మార్చే చిన్న డాంగిల్ చాలు. ఆపిల్ అమ్మే చవక డాంగిలే 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ దాకా ఇస్తుంది.

చెవిలో దూర్చుకునే రకం తీసుకుంటే రబ్బరు టిప్ మీ చెవికి సరిగ్గా మూసుకోవాలి. ఎంత ఖరీదైనవైనా అది సరిగ్గా మూసుకోకపోతే మంద్రం సగం బయటికి పోతుంది. ‘కిడ్ ఏ’లోని ‘ద నేషనల్ ఆంథమ్’ పాట పెట్టి, బేస్ గిటారు మెడ వెనకాల దాకా తెలిసేవరకు టిప్‌లు మార్చి చూడండి. ఇది లాస్‌లెస్ కంటే పెద్ద మార్పు, ఖర్చు లేనిది కూడా.

తర్వాత గది. మన ఇళ్లలో సంగీతానికి అసలు శత్రువు సీలింగ్ ఫ్యాన్. ఏడాదిలో పది నెలలు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దాని హోరు మనకు నిశ్శబ్దంలాగే అలవాటైపోయింది. రేడియోహెడ్ ‘డేడ్రీమింగ్’ పాట చివర ఊపిరిలా వచ్చే శబ్దాలు ఆ హోరులో కలిసిపోతాయి. రాత్రి పది దాటాక, వీధి కాస్త సద్దుమణిగాక, కాసేపు ఫ్యాన్ ఆపి చూడండి. మే నెలలో ఈ ప్రయోగం వద్దు. అప్పుడు చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్లే గతి.

వాల్యూమ్ దగ్గర మనల్ని మనమే బోల్తా కొట్టించుకుంటాం. రెండు ఫైళ్లు పోల్చేటప్పుడు ఒకటి కొద్దిగా పెద్దగా మోగితే చాలు, అదే బాగుందనిపిస్తుంది. అందుకే పోలిక ఏదైనా శబ్దస్థాయి సమానం చేశాకే చేయాలి. ఈక్వలైజర్లు, బేస్ బూస్ట్‌లు, డాల్బీ ఆట్మాస్ లాంటివన్నీ ఆపేయండి. పెద్దలు వారానికి 40 గంటలు వినేటట్లయితే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫ్యాన్ ఆపమనడానికి ఇది కూడా ఓ కారణం. హోరు తగ్గితే వాల్యూమ్ దానంతటదే తగ్గుతుంది.

ఇక మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు పాట శబ్దాన్ని ఖరారు చేసే పని. పాట పెద్దగా మోగాలని చిన్న శబ్దాలను కూడా పైకెత్తి, పెద్ద శబ్దాల తలలు నరికే పద్ధతి 1990ల నుంచి రాక్‌లో ముదిరిపోయింది. మెటాలికా 2008 ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ సీడీని ఎంతగా నొక్కేశారంటే, గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో వచ్చిన అవే పాటలు సీడీ కంటే మెరుగ్గా వినిపించాయని అభిమానులు పట్టుకున్నారు. అలాంటి సీడీని ఫ్లాక్‌గా మార్చితే ఆ గరగర కూడా బిట్టు పోకుండా మీకే దక్కుతుంది. అంచేత పాత ఆల్బమ్ కొనేటప్పుడు ఏ సంవత్సరపు మాస్టరో చూడండి. ‘ఓకే కంప్యూటర్’కు 1997 సీడీ ఉంది, 2017లో వచ్చిన రీమాస్టర్ ఉంది. ఏదో ఒకటి ఎంచుకుని దానితోనే ఉండండి.

సెకండ్ హ్యాండ్ సీడీలు దొరికితే వదలకండి. యూఎస్‌బీ సీడీ డ్రైవ్ ఒకటి, విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే మీరే ఫ్లాక్ తీసుకోవచ్చు. గీతలు పడ్డచోట అది మళ్లీ మళ్లీ చదువుతుంది. ఇతరులు అదే సీడీ నుంచి తీసిన ఫలితాలతో మీది సరిపోలిందో లేదో ఆక్యురేట్‌రిప్ ద్వారా చెబుతుంది. ఎవరో గ్రూపులో పడేసిన ‘ఫ్లాక్’లను మాత్రం నమ్మకండి. దొంగసొత్తు అన్నది సరే, చాలావాటిలో సరుకు కూడా ఉండదు. స్పెక్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో తెరిస్తే 16 వేల హెర్ట్జ్ దగ్గర గొడ్డలితో నరికినట్టు అడ్డగీత కనిపిస్తుంది. పాత ఎంపీ3కి కొత్త చొక్కా తొడిగారన్నమాట.

వారానికో ఆల్బమ్

ఒక్కో ఆల్బమ్‌కు మూడు సిటింగులు. మొదటిసారి ఏమీ చదవకుండా, ఏమీ రాయకుండా వినండి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. రెండోసారి ఒక్క మనిషినే వెంబడించండి. నేనైతే కోలిన్ గ్రీన్‌వుడ్ బేస్‌తో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే మామూలుగా ఎవరూ పట్టించుకోనిది అదే. మూడోసారి సాహిత్యం ముందు పెట్టుకుని. థామ్ యార్క్ ఉచ్చారణ ఇంగ్లిష్ వాళ్లకే ఓ పట్టాన అందదు, మీకు అర్థం కాలేదని చిన్నబుచ్చుకోవద్దు. ‘కిడ్ ఏ’ కోసం అతను మాటల ముక్కలు కాగితాల మీద రాసి, టోపీలో వేసి, చేతికొచ్చినవి తీసి పాటలు కట్టాడు. అర్థం కోసం అక్కడ తవ్వితే దొరికేది తక్కువ. గొంతును కూడా ఒక వాయిద్యంగా వినండి.

‘పాబ్లో హనీ’ (1993) మీద ఎక్కువ సమయం పెట్టొద్దు. ‘క్రీప్’ ఒక్కటి జాగ్రత్తగా వినండి. పల్లవి రావడానికి ముందు జానీ గిటారు గరుకుగా తెగిపడుతుంది. మెత్తని చరణానికీ ఆ గరుకుకూ మధ్య ఎంత ఎడం ఉందో చూసుకుంటే, ఇందాక చెప్పిన చిన్న శబ్దం, పెద్ద శబ్దం తేడా ఏమిటో తెలిసిపోతుంది. ‘ద బెండ్స్’ (1995)లో ‘ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్’ ఒక గిటారు, ఒక గొంతుతో మొదలవుతుంది. ఆర్గన్ ఎప్పుడొచ్చి చేరిందో మొదటిసారి ఎవరూ చెప్పలేరు. రెండోసారి ఆ క్షణాన్ని పట్టుకోండి.

‘ఓకే కంప్యూటర్’ (1997)కు ఒక వారం చాలదు, రెండు తీసుకోండి. దీని సగానికి పైగా బాత్ నగరం దగ్గర సెయింట్ కాథరిన్స్ కోర్ట్ అనే పాత బంగళాలో రికార్డయింది. స్టూడియోలో గోడలకు శబ్దాన్ని పీల్చే దళసరి పట్టీలుంటాయి, ప్రతిధ్వని తర్వాత యంత్రంతో కలుపుతారు. ఇక్కడ ఇల్లే వాయిద్యమైంది. ‘ఎగ్జిట్ మ్యూజిక్’లో గొంతు వెనకున్న చల్లని ఖాళీ ఒక రాతి మెట్లదారిది. యార్క్ అక్కడ నిలబడి పాడాడు. ‘లెట్ డౌన్’ను తెల్లవారుజామున మూడింటికి బాల్‌రూమ్‌లో వాయించారు. లాస్‌లెస్‌లో ఈ రెండూ వరుసగా వినండి. పాట ఆగిన చోట గది ఎంతసేపు మోగుతుందో, ఆ తోక ఎక్కడ తెగుతుందో చూడండి. ఎంపీ3 తక్కువ బిట్‌రేట్‌లో ముందుగా నమిలేసేది ఇలాంటి సన్నని తోకలనే. ‘ఎయిర్‌బ్యాగ్’లో డ్రమ్ములు సెల్వే వాయించినవే, కానీ కొన్ని సెకన్ల ముక్క తీసి, కంప్యూటర్లో కోసి అతికించారు. దాని కింద కోలిన్ బేస్ వాయిస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది, మళ్లీ వస్తుంది. ఆ ఖాళీలు ఎక్కడున్నాయో చెప్పగలిగిన రోజు మీరు బేస్ వినడం నేర్చుకున్నట్టే.

‘కిడ్ ఏ’ (2000) మొదటి వినికిడిలో చాలామందికి ఎక్కదు. అప్పుడూ ఎక్కలేదు. గిటార్ల బ్యాండు గిటార్లు పక్కన పెట్టేసింది, ఒక్క సింగిల్ కూడా విడుదల చేయలేదు. అయినా అమెరికాలో మొదటి స్థానంలోకి వెళ్లింది. ఇక్కడ నా సలహా తిరగేసి ఉంటుంది. పాటల కోసం వెతక్కండి, శబ్దం దేనితో తయారైందో వెతకండి. పేరుపాటలో మనిషి గొంతులా, మరమనిషి గొంతులా వచ్చేది, జానీ వాయించిన ఆన్డ్ మార్తెనో అనే వాయిద్యంతో యార్క్ గొంతును కలిపి చేసింది. ఫ్రాన్స్‌లో మోరిస్ మార్తెనో 1928లో కనిపెట్టిన ఆ విద్యుత్ వాయిద్యాన్ని రాక్‌లోకి తెచ్చినవాళ్లు తక్కువ. ‘ఇడియోటెక్’ కింద పరుచుకున్న తీగస్వరాలు పాల్ లాన్స్కీ అనే స్వరకర్త 1973లో కంప్యూటర్‌తో చేసిన రచనలోంచి తీసిన ముక్క. ‘హౌ టు డిసపియర్ కంప్లీట్లీ’లో వయొలిన్ల బృందాన్ని డార్చెస్టర్ ఆబీ అనే ప్రాచీన చర్చిలో రికార్డు చేశారు. ‘ఎగ్జిట్ మ్యూజిక్’ మెట్లదారి గుర్తుంటే, ఈ గది దానికంటే ఎంత పెద్దదో కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు.

‘ఆమ్నీసియాక్’ (2001) అవే సెషన్లలోంచి వచ్చింది. ‘లైక్ స్పిన్నింగ్ ప్లేట్స్’ మరో పాటను వెనక్కి తిప్పగా వచ్చిన శబ్దం మీద కట్టింది. చివరి పాటలో హంఫ్రీ లిటిల్‌టన్ జాజ్ బృందం వాయించింది. ‘హెయిల్ టు ద థీఫ్’ (2003)లో పద్నాలుగు పాటలు, అన్నీ అవసరమా అంటే నాకూ అనుమానమే. తర్వాత యార్క్ కూడా కొన్ని తీసేసి చిన్న జాబితా ఒకటి ప్రకటించాడు. మీరూ మీ జాబితా వేసుకోండి, సరదాగా ఉంటుంది.

‘ఇన్ రెయిన్‌బోస్’ దగ్గరికొచ్చేసరికి మొదట్లో చెప్పిన గొడవ మీరే తేల్చుకోగలుగుతారు. మీ ఫ్లాక్ నుంచి 160 కేబీపీఎస్ ఎంపీ3 ఒకటి చేసుకుని ‘రెకనర్’తో పరీక్ష పెట్టుకోండి. టాంబరీన్, షేకర్లు, తాళాల మీదుగా నడిచే ఆ పాట ఎన్‌కోడర్‌కు గండం. ఇలాంటి పదునైన, ఎగుడుదిగుడు శబ్దాలను కుదించడం దానికి కష్టం. గొంతు, బేస్ మాత్రం 160లోనూ చెక్కుచెదరకుండా ఉంటాయి. పాట పాటగా బతికింది, దాని అంచులు అరిగాయి. ఇక ‘15 స్టెప్’ వినేటప్పుడు ఒక తెలుగు శ్రోతకు ఉండే సౌలభ్యం పాశ్చాత్య శ్రోతకు లేదు. ఆ పాట ఐదు లెక్క మీద నడుస్తుంది. ఖండచాపు తెలిసినవాళ్లు చేయి తొడ మీద వేసుకుని తకతకిట, తకతకిట అనుకుంటూ దర్జాగా వెళ్లిపోవచ్చు.

‘ద కింగ్ ఆఫ్ లింబ్స్’ (2011)కు ముప్పై ఏడు నిమిషాలే. బ్యాండు ఈసారి పాఠం నేర్చుకుంది, ఎంపీ3తో పాటు కాస్త ఎక్కువ ధరకు డబ్ల్యూఏవీ ఫైళ్లు కూడా అమ్మింది. పేచీ లేని శబ్దంతో వచ్చిన ఆ ఆల్బమ్‌ను అభిమానుల్లో చాలామంది తక్కువగా చూస్తారు, నేనూ వాళ్లలోనే ఉన్నాను. ‘కోడెక్స్’ మాత్రం చీకట్లో వినండి.

‘ఎ మూన్ షేప్డ్ పూల్’ (2016)లో పాటలు ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేర్చి ఉంటాయి, అయినా వరుస అద్భుతంగా కుదిరింది. ‘బర్న్ ద విచ్’ మొదట్లో పొడిగా, ఎండుకట్టెల్లా టకటకమనేవి వయొలిన్లే. కమాను పక్కన పెట్టించి, గిటారు మీటే ప్లెక్ట్రమ్‌తో వాటిని వాయించమన్నాడు జానీ. తీగ మీద ఆ బిళ్ల తగిలే మొదటి క్షణం వినబడుతోందా? దానికి ముందు సంవత్సరమే అతను గాడ్‌రిచ్‌తో పాటు జోధ్‌పూర్ వచ్చి, మెహరాన్‌గఢ్ కోటలో స్వరకర్త షాయ్ బెన్ త్జూర్, రాజస్థానీ కళాకారులతో కలిసి ‘జునూన్’ అనే ఆల్బమ్ రికార్డు చేశాడు. తొమ్మిది ఆల్బమ్‌లూ అయ్యాక మీకు తీరిక ఉంటే, కోట గదిని బాత్ బంగళాతో పోల్చి వినడానికి అది మంచి పదోది.

ఇంకా ఓపిక ఉన్నవాళ్లకు ఒక చివరి సరుకు. ‘ఓకే కంప్యూటర్’ కాలంలో యార్క్ ముసాయిదా పాటలన్నీ మినీడిస్కుల మీద దాచుకున్నాడు. 2019లో అవి దొంగల చేతికి చిక్కాయి, డబ్బు అడిగారని వార్త వచ్చింది. డబ్బివ్వడానికి బదులు బ్యాండు ఆ పద్దెనిమిది గంటల రికార్డింగులనూ 18 పౌండ్లకు తానే అమ్మేసి, వచ్చింది పర్యావరణ ఉద్యమకారులకు ఇచ్చింది. అప్పుడు బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో వాటిని ఫ్లాక్‌గానూ దించుకునే వీలుండేది. కానీ సోనీ మినీడిస్క్ వాడేది ఏట్రాక్ అనే పద్ధతి, అదీ ఎంపీ3 లాగే చెవికి అందనిదాన్ని పారేసేదే. యార్క్ రికార్డు బటన్ నొక్కిన రోజునే కోత పడిపోయింది. ఆ ఫ్లాక్‌లో భద్రంగా ఉండేది కోత తర్వాత మిగిలినది. అవి మీ దగ్గరుంటే మాత్రం నేను ఎంపీ3లోనే ఉంచుకోమంటాను. పద్దెనిమిది గంటల ఫ్లాక్‌కు ఫోన్‌లో చాలా చోటు కావాలి, ఆ చోటులో మిగతా తొమ్మిది ఆల్బమ్‌లూ పట్టేస్తాయి.